వంశచరిత్రను ఇ-పుస్తకంగా తెచ్చేవారికి ఏడు మాటలు

రెవెన్యూ శాఖలో రిటైరయ్యాక మా వంశచరిత్ర రాశాను. ముందు అచ్చు వేయించాను, తర్వాత ఇ-పుస్తకం చేయించాను. అది చూసి వియ్యాలవారూ స్నేహితులూ తమ పుస్తకాలకు సాయం అడిగారు. ఆ పనుల్లో తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. డల్లాస్‌లోని మనవరాలికీ తెనాలిలోని మేనత్తకీ ఇ-పుస్తకం ఒకేరోజు చేరుతుంది, తప్పు దొరికితే దిద్దుకోవచ్చు. కానీ మన తర్వాతి తరాలకు అది తెరుచుకోవాలన్నా, వెతికిన పేరు దొరకాలన్నా కొన్ని జాగ్రత్తలు తప్పవు.

1. యూనికోడ్‌లోనే టైపు చేయించండి

మన డీటీపీ సెంటర్లలో చాలాకాలం పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కంపోజింగ్ చేశారు. అవి ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు రూపాలు చూపించే ఫాంట్లు. అచ్చులో అందంగానే ఉంటుంది. అదే ఫైలును ఇ-పుస్తకం చేస్తే ఫాంటు లేని ఫోన్‌లో అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి, తాతగారి పేరు వెతికినా దొరకదు. పాత ఫైలు ఉంటే కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్పించి, వత్తుల దగ్గర ఆగి ఆగి మూలంతో సరిచూడండి. కాగితం మాత్రమే మిగిలితే గూగుల్ డ్రైవ్ తెలుగు పేజీలను చదివి అక్షరాలుగా మార్చి ఇస్తుంది. ఊళ్ల పేర్లు, ఇంటిపేర్లు మాత్రం ఇంట్లో తెలిసినవాళ్లే దిద్దాలి.

2. ఈపబ్, పీడీఎఫ్ రెండూ చేయించండి

పీడీఎఫ్‌లో పేజీ కదలదు. మళ్లీ అచ్చు వేయించుకోవడానికి అదే మేలు. ఈపబ్‌లో అక్షరం పెద్దది చేసుకుంటే వరుసలు తెరకు తగ్గట్టు సర్దుకుంటాయి, పెద్దవాళ్ల కళ్లకు సుఖం. మండలి, రామభద్ర వంటి ఉచిత ఫాంటును ఫైలులోనే పొదిగించండి. ఒక పాత ఆండ్రాయిడ్ ఫోన్‌లో, ఒక ఐఫోన్‌లో, ఒక కంప్యూటర్‌లో తెరిచి ‘స్త్రీ’, ‘లక్ష్మి’ లాంటి మాటలు విరగకుండా వస్తున్నాయో లేదో చూడండి. అమ్మకానికి పెట్టదలిస్తే ఆ దుకాణం తెలుగును తీసుకుంటుందో లేదో ముందే కనుక్కోండి. 2016లో కిండిల్ అయిదు భారతీయ భాషలకు చోటిచ్చినప్పుడు వాటిలో తెలుగు లేదు. బంధువులకు పంచడానికే అయితే దుకాణం అక్కర్లేదు.

3. వంశవృక్షాన్ని ఒకే బొమ్మగా పెట్టకండి

అచ్చు పుస్తకంలో మడత కాగితం మీద వేసిన వంశవృక్షం ఫోన్‌లో చదవడానికి రాదు. తరానికొక అధ్యాయం పెట్టి, పేరు నొక్కితే ఆ మనిషి దగ్గరికి వెళ్లేలా లింకులు ఇప్పించండి. తాత పేరు మనవడికి పెట్టడం మన ఆచారం కనుక ఒకే పేరు నాలుగుచోట్ల వస్తుంది. అందుకే ప్రతి మనిషికీ ఒక సంఖ్య ఇవ్వాలి.

ఆడవాళ్ల విషయం మరీ ముఖ్యం. మన పాత వంశవృక్షాలు చాలావరకు మగపిల్లల పేర్లతోనే నడుస్తాయి. కోడళ్ల పుట్టింటి ఇంటిపేరు ఉండదు, ఆడపిల్లల సంతానం కనిపించదు. ఇది అన్యాయం. అచ్చులో పేజీల ఖర్చు అని చెప్పేవారు, ఇ-పుస్తకంలో ఆ సాకుకు చోటు లేదు. పుట్టింటి పేరు, మెట్టినింటి పేరు, కూతుళ్ల శాఖలు అన్నీ రాయండి.

4. పాత సంవత్సరం పక్కన కొత్తది రాయండి

జాతకంలో ‘ప్రభవ’ అని ఉంటే అది 1927–28 కావచ్చు, 1987–88 కావచ్చు. దస్తావేజులో ఫసలీ (రెవెన్యూ లెక్కల సంవత్సరం) ఉంటే 590 కలపాలి: ఫసలీ 1340 అంటే 1930–31. మూలంలో ఉన్నది ఉన్నట్టు రాసి, పక్కనే ఇంగ్లీషు సంవత్సరం ఇవ్వండి. అమెరికాలో పెరిగిన పిల్లలకు అప్పుడే అందుతుంది.

5. ఫొటోలు, ఉత్తరాలు

చిన్న ఫొటోలను 600 డీపీఐలో స్కాన్ చేయించి ఆ ఫైళ్లు విడిగా దాచండి. పుస్తకంలో చిన్న ప్రతులు చాలు. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే నాణ్యత తగ్గుతుంది, డాక్యుమెంటుగా పంపించమనండి. ఎడమనుంచి కుడికి ఎవరెవరో ఫొటో కిందే రాయండి. ఉత్తరం మన బీరువాలో ఉన్నా కాపీరైటు రాసినవారిది, వారి తర్వాత వారసులది. వేసేముందు అడగడం ధర్మం.

6. బతికున్నవారిని కాపాడండి

అచ్చు పుస్తకం అలమరలో ఉంటుంది. ఫైలు ఎన్ని చేతులు మారుతుందో చెప్పలేం. బతికున్నవారి పుట్టినతేదీలు, చిరునామాలు, ఫోన్ నంబర్లు వద్దు. పేరూ వరసా చాలు. తల్లి పుట్టింటి ఇంటిపేరును బ్యాంకులు గుర్తింపు ప్రశ్నగా అడుగుతుంటాయి కనుక, ఆ వివరాలు కుటుంబ ప్రతిలో ఉంచి, బయటి ప్రతిలో బతికున్న తరాన్ని వదిలేయండి. దత్తతలు, రెండో పెళ్లిళ్లు, ఆస్తి తగాదాలు సంబంధించినవారు సరేనన్నాకే రాయాలి.

7. నంబరు, తేదీ, దాచే చోటు

మన దేశంలో ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు సంఖ్య) ఉచితం. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఇస్తుంది. అచ్చుకూ ఈపబ్‌కూ వేర్వేరు నంబర్లు తీసుకోవాలి. దిద్దినప్పుడల్లా మొదటి పేజీలో ఆ తేదీ వేయండి, ఏది కొత్తదో బంధువులకు తెలుస్తుంది. బయటి ప్రతిని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టండి. కుటుంబ ప్రతి కనీసం మూడు ఇళ్లలో ఉండాలి. కొన్ని అచ్చు ప్రతులు కూడా ఉంచుకోండి, వాటికి కరెంటూ పాస్‌వర్డూ అక్కర్లేదు.

ఫార్మాట్లు ఎప్పుడైనా నేర్చుకోవచ్చు. పెద్దవాళ్లు చెప్పేది మాత్రం వాళ్లుండగానే వినాలి. మీ ఇంట్లో పెద్దమ్మ, మేనత్త, అమ్మమ్మ ఎవరున్నా ఈ ఆదివారమే దగ్గర కూర్చోండి. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, మొదట వాళ్ల అమ్మమ్మల పేర్లూ పుట్టినూళ్లూ అడగండి. ఏ దస్తావేజులోనూ దొరకనివి అవే.