విమానం ఎక్కేముందు ఒక బీమా పాఠం: పబ్లిక్‌కూ ప్రైవేటుకూ తేడా ఏంటి?

మన కాలేజీలో ప్రతి బ్యాచ్ నుంచి కొంతమంది ఎమ్మెస్‌కు బయలుదేరుతూనే ఉంటారు. నకిరేకల్ నుంచి, సూర్యాపేట నుంచి, నల్లగొండ నుంచి హైదరాబాద్ పోయి వీసా పని చూసుకునేవాళ్లకు ఐఈఎల్టీఎస్ మార్కులు, బ్యాంకు లోను, యూనివర్సిటీ ఫీజు, టికెట్ లెక్కలన్నీ నోటికి వస్తాయి. ఆరోగ్య బీమా దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఏది చౌకగా ఉంటే అది తీసుకో" అనే మాటతో పని అయిపోతుంది. అప్పు తీసుకుని పోయేవాళ్లకు ఈ మాట అన్నిసార్లూ పనికిరాదు. కొన్ని దేశాల్లో బీమా ఫారం మీద పెట్టిన సంతకాన్ని మళ్లీ వెనక్కి తీసుకోలేం. అందుకే ఈ పాఠం.

ముందు మన ఇంట్లో ఉన్నది చూద్దాం

పబ్లిక్, ప్రైవేటు అనే రెండు పద్ధతులూ మనకు కొత్తవేం కావు. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైంది. మొదటి విడతలో తీసుకున్న మూడు జిల్లాల్లో మన పక్కనున్న మహబూబ్‌నగర్ ఒకటి. తెలంగాణలో ఈ పథకం పరిమితిని 2023 డిసెంబర్‌లో 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. ఇందులో మన వయసు ఎంత, షుగర్ ఉందా అని చూసి ప్రీమియం వేయరు. అర్హత ఉందా లేదా అన్నదే చూస్తారు. ఖర్చు ప్రభుత్వం మోస్తుంది.

ఇక బజార్లో కొనే మెడిక్లెయిం పాలసీ సంగతి వేరు. అక్కడ వయసు అడుగుతారు, పాత జబ్బులు అడుగుతారు, దాన్ని బట్టి ప్రీమియం వేస్తారు. కొన్ని జబ్బులకు ఇన్నేళ్లు ఆగాలని షరతు పెడతారు.

తేడా అంతా ఇక్కడే ఉంది. పబ్లిక్ పద్ధతి "నువ్వు ఈ వ్యవస్థలో సభ్యుడివా?" అని అడుగుతుంది. ప్రైవేటు పద్ధతి "నీ వల్ల మాకు ఎంత ఖర్చు రావచ్చు?" అని అడుగుతుంది. ఏ దేశం పోయినా ఈ రెండు ప్రశ్నలు గుర్తుపెట్టుకుంటే సగం పాఠం అయిపోయినట్టే. ఇంకో మాట: ఆరోగ్యశ్రీ కార్డు విదేశాల్లో చెల్లదు. విమానం దిగిన రోజు నుంచి కొత్త లెక్కే.

జర్మనీ: ఒకసారి మూసుకునే తలుపు

ఈ రెండు పద్ధతులు పక్కపక్కనే నడిచే దేశం జర్మనీ. 1883లో బిస్మార్క్ కాలంలో కార్మికుల కోసం చేసిన చట్టంతో అక్కడి పబ్లిక్ బీమా మొదలైంది. టీకే, ఏఓకే, బార్మర్ లాంటివి పబ్లిక్ సంస్థలు. ఇవి లాభం కోసం నడిచే కంపెనీలు కావు, అలాగని సర్కారు ఆఫీసులూ కావు. చట్టం ప్రకారం సభ్యుల చందాతో నడిచే నిధులు. ఉద్యోగి అయితే జీతంలో ఇంత శాతం అని కట్టాలి, యజమాని తన వాటా కడతాడు. భార్యకో భర్తకో సంపాదన లేకపోతే వాళ్లకు, పిల్లలకు అదనపు ప్రీమియం లేకుండానే బీమా వస్తుంది.

డిగ్రీ కోర్సులో చేరిన 30 ఏళ్ల లోపు విద్యార్థికి పబ్లిక్ బీమాలో ప్రత్యేక రేటు ఉంది. 2025లో అది నెలకు సుమారు 140 నుంచి 150 యూరోలు. ప్రైవేటు కంపెనీల ట్రావెల్ తరహా పాలసీలు ఇందులో మూడో వంతుకో నాలుగో వంతుకో దొరుకుతాయి. నెలకు వంద యూరోలు మిగులుతాయంటే ఎవరికైనా ఆశే.

అసలు చిక్కు ఇక్కడ ఉంది. పబ్లిక్ బీమా వద్దనుకునే విద్యార్థి మొదటి మూడు నెలల్లో మినహాయింపు కోసం అర్జీ పెట్టుకోవాలి. ఆ మినహాయింపు ఒకసారి తీసుకుంటే ఆ చదువు నడిచినంత కాలం పబ్లిక్‌లోకి తిరిగి రాలేం. రెండో సెమిస్టర్‌లో పెద్ద జబ్బు బయటపడి, చౌక పాలసీ "ఇది మా పరిధిలో లేదు" అంటే "సరే, ఇప్పుడు పబ్లిక్‌కు మారతా" అనడానికి వీలుండదు. చదువు అయిపోయి ఉద్యోగం వచ్చాక తలుపు మళ్లీ తెరుచుకుంటుంది. జీతం ఒక పరిమితి లోపు ఉంటే (2025లో ఏడాదికి 73,800 యూరోలు) ఉద్యోగి పబ్లిక్‌లో ఉండి తీరాలి. అంతకు మించితే రెండింటిలో ఏదైనా ఎంచుకోవచ్చు.

రెండు జాగ్రత్తలు. 30 దాటాక చేరేవాళ్లకు విద్యార్థి రేటు రాదు. డిగ్రీ కాకుండా భాషా కోర్సుకు మాత్రమే పోయేవాళ్లకూ రాదు. వీళ్లకు మొదట్లో ప్రైవేటే దారి కాబట్టి పాలసీ కాగితాన్ని ఇంకా శ్రద్ధగా చదవాలి. అలాగే దిగిన రోజుకూ యూనివర్సిటీలో చేరే రోజుకూ మధ్య ఉండే వారాలకు ట్రావెల్ ఇన్సూరెన్స్ కావాలి. అది ఆ వారాల కోసమే, చదువంతటికీ కాదు.

బ్రిటన్: ముందే కట్టే పైసలు

బ్రిటన్‌లో ఎన్‌హెచ్‌ఎస్ 1948 జులై 5న మొదలైంది. అక్కడ ఖర్చు ప్రధానంగా పన్నుల నుంచి వస్తుంది. ఆరు నెలలు మించిన వీసాకు పోయే విద్యార్థి అర్జీతో పాటే హెల్త్ సర్‌చార్జ్ కట్టాలి. 2024 ఫిబ్రవరి నుంచి విద్యార్థికి ఇది ఏడాదికి 776 పౌండ్లు. ఏడాది ఎమ్మెస్సీకి వీసా ఏడాది మీద కొన్ని నెలలు ఇస్తారు. ఆ మిగులు ఆరు నెలల లోపు ఉంటే సగం, అంటే 388 కలిపి మొత్తం 1,164 పౌండ్లు అవుతుంది. ఇది కట్టాక డాక్టర్‌కు, దవాఖాన చికిత్సకు బిల్లు ఉండదు. ఇంగ్లండ్‌లో మందుల చీటీకి, పంటి వైద్యానికి మాత్రం విడిగా కట్టాలి. దిగిన వారంలోనే దగ్గర్లోని జీపీ క్లినిక్‌లో పేరు రాయించుకోవాలి. జ్వరం వచ్చాక వెతుక్కోవడం కష్టం.

అమెరికా: ఒక చిన్న లెక్క

అమెరికాలోనూ పబ్లిక్ బీమా ఉంది. మెడికేర్ ముఖ్యంగా 65 దాటినవాళ్లకు, మెడికెయిడ్ తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు. రెండూ 1965లో వచ్చాయి. ఎఫ్-1 వీసా మీద పోయిన విద్యార్థి వీటిని లెక్కలో పెట్టుకోవద్దు. మనకు మిగిలేది యూనివర్సిటీ ప్లాన్, లేకపోతే యూనివర్సిటీ ఒప్పుకున్న బయటి ప్లాన్.

అక్కడ ప్రీమియం ఒక్కటే చూస్తే మోసపోతాం. ఇంకో మూడు మాటలు తెలియాలి. డిడక్టిబుల్ అంటే బీమా మొదలయ్యే ముందు మన జేబు నుంచి కట్టాల్సింది. కోఇన్సూరెన్స్ అంటే ఆ తర్వాత బిల్లులో మన వాటా. ఔట్ ఆఫ్ పాకెట్ మ్యాగ్జిమమ్ అంటే ఏడాదిలో మనం కట్టాల్సిన గరిష్ఠ మొత్తం.

ఒక ఊహా లెక్క చేద్దాం. డిడక్టిబుల్ 500 డాలర్లు, మన వాటా 20 శాతం, గరిష్ఠం 5,000 అనుకోండి. బిల్లు 10,500 వస్తే ముందు 500 మనవి. మిగిలిన 10,000లో 20 శాతం అంటే 2,000. మొత్తం 2,500. అదే బిల్లు 60,500 అయితే లెక్క ప్రకారం 12,500 కావాలి కానీ గరిష్ఠం 5,000 దగ్గర ఆగిపోతుంది. ఇప్పుడు ఇంకో చౌక ప్లాన్ చూడండి. "ఒక్కో జబ్బుకు 50,000 వరకే ఇస్తాం" అని బీమా కంపెనీ తన వాటాకు హద్దు పెట్టుకుంది అనుకుందాం. బిల్లు రెండు లక్షలైతే లక్షన్నర డాలర్లు మన మీదే. మొదటి ప్లాన్‌లో హద్దు మన ఖర్చుకు, రెండోదానిలో హద్దు కంపెనీ ఖర్చుకు. పాలసీలో హద్దు ఎవరికుందో వెతకడమే అసలు పని.

ఇదంతా నెట్‌వర్క్‌లో ఉన్న దవాఖానకు పోతేనే. చదువు అయ్యాక యూనివర్సిటీ ప్లాన్ ఏ తేదీన ఆగుతుందో, కంపెనీ బీమా ఏ తేదీన మొదలవుతుందో కూడా రాసి పెట్టుకోండి. మధ్యలో ఖాళీ ఉంటే దానికీ ఒక పాలసీ కావాలి.

గల్ఫ్‌కు పోయేవాళ్లకు

యూఏఈలో 2025 నుంచి అన్ని ఎమిరేట్లలోనూ ప్రైవేటు ఉద్యోగులకు యజమానే ఆరోగ్య బీమా ఇవ్వాలి. పదో తరగతి పాస్ కాకుండా ఈసీఆర్ పాస్‌పోర్టు మీద పనికి పోయేవాళ్లకు మన దేశంలో ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు ప్రీమియం. ప్రమాదంలో మరణించినా శాశ్వత అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు వస్తాయి. మీ ఊర్లో ఎవరైనా పోతుంటే ఆ పాలసీ కాగితం నకలు ఇంట్లో పెట్టి పొమ్మని చెప్పండి. అవసరం పడిన రోజు దాన్ని వెతికేది ఇంటివాళ్లే.

సంతకానికి ముందు ఐదు ప్రశ్నలు

1. నాకు పబ్లిక్ బీమాలో చేరే అర్హత ఉందా? ఏ వయసు వరకు, ఏ కోర్సుకు?
2. ఇప్పుడు వద్దంటే తర్వాత చేరొచ్చా?
3. పాత జబ్బులు, మానసిక వైద్యం, కాన్పు ఇందులో ఉన్నాయా?
4. అన్నిటికన్నా పెద్ద బిల్లు వచ్చిన రోజు నా జేబు నుంచి పోయేది ఎంత?
5. ఏ తేదీన మొదలై ఏ తేదీన ఆగుతుంది?

జవాబులు ఏజెంట్ మాటలో కాదు, పాలసీ కాగితంలో చూసుకోవాలి. రేట్లు ఏటా మారతాయి కాబట్టి మీరు పోయే ఏడాది అంకెలు యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి.

అమ్మానాన్నల సంగతి కూడా మర్చిపోవద్దు. మన విదేశీ బీమా మామూలుగా వాళ్లకు వర్తించదు. వాళ్ల ఆరోగ్యశ్రీ అర్హతో, మెడిక్లెయిం రెన్యువల్ తేదీనో మీరు ఇక్కడ ఉండగానే చూసి పెట్టండి. వాళ్లు మిమ్మల్ని చూడటానికి వస్తే కొనే విజిటర్ పాలసీల్లో చాలావాటికి బీపీ, షుగర్ లాంటి పాత జబ్బుల మీద గట్టి షరతులు ఉంటాయి.

లోను వాయిదా ఎంతో మనకు ముందే తెలుసు, దానికి సిద్ధపడి పోతాం. దవాఖాన బిల్లు ఎంతో ముందు తెలియదు. ఆ తెలియని అంకెకు హద్దు వేయడానికే బీమా. నెలకు వంద యూరోలు మిగలడం మంచిదే, కానీ ఆ వందతో పాటు ఏ హద్దు వదులుకుంటున్నామో చూసుకున్నాకే సంతకం పెట్టాలి.