ఉక్కు కర్మాగారంలో శక్తి పొదుపు: వృథా వేడే వనరు

ఒక ఉక్కు కర్మాగారం నిరుటి కంటే ఈ ఏడాది ఎక్కువ బొగ్గు, ఎక్కువ విద్యుత్తు వాడిందనుకుందాం. అది శక్తిని దుబారా చేసినట్టేనా? ఈ ఒక్క సంగతితో చెప్పలేం. ఉత్పత్తి పెరిగితే వాడకమూ పెరుగుతుంది. అందుకే ఇంజనీర్లు ఒక టన్ను ఉక్కు తయారీకి ఎంత శక్తి ఖర్చయిందో లెక్కిస్తారు. దీన్ని విశిష్ట శక్తి వినియోగం అంటారు. బండికి మైలేజీ ఎలాగో, కర్మాగారానికి ఈ అంకె అలాగ.

ఈ అంకెను తగ్గించాలంటే ముందుగా శక్తి ఎక్కడ జారిపోతోందో తెలియాలి. ఇంధనం రూపంలో లోపలికి వచ్చినదెంత, పొగ గొట్టాల నుంచి, వేడి నీటి నుంచి, ఎర్రగా కాలిన సరుకు నుంచి బయటికి పోతున్నదెంత అని ఎనర్జీ ఆడిట్‌లో కొలుస్తారు.

వేడిని పట్టుకోవడం

విశాఖ ఉక్కు కర్మాగారంలో దీనికి మంచి ఉదాహరణ ఉంది. బొగ్గును గాలి తగలకుండా కాల్చి కోక్ తయారుచేస్తారు. బట్టీ నుంచి వచ్చేటప్పుడు దాని ఉష్ణోగ్రత దాదాపు 1000 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. గాలి తగిలితే అది మండిపోతుంది కనుక వెంటనే చల్లార్చాలి. పాత పద్ధతిలో నీళ్లు చల్లేవారు. వేడంతా ఆవిరై ఆకాశంలో కలిసిపోయేది. విశాఖలో మూసిన గదిలో కోక్ మీదుగా నైట్రోజన్‌ను తిప్పుతారు. నైట్రోజన్‌లో కోక్ మండదు. వేడెక్కిన ఆ వాయువు బాయిలర్‌లో నీటిని ఆవిరి చేస్తుంది, ఆవిరి టర్బైన్‌ను తిప్పుతుంది. ఆ మేరకు వేరే ఇంధనం మండించే పని తప్పుతుంది.

బ్లాస్ట్ ఫర్నేస్ పైనుంచి వచ్చే వాయువు పీడనంలోనూ శక్తి ఉంటుంది. దాన్ని టర్బైన్ గుండా పంపి విద్యుత్తు తీస్తారు. ఆ తర్వాత కూడా అందులో కార్బన్ మోనాక్సైడ్ మిగిలే ఉంటుంది కనుక అదే వాయువును ఇంధనంగా మండిస్తారు.

మోటార్ల దగ్గర

కొలిమి దగ్గరే కాదు, ఫ్యాన్లు, పంపుల దగ్గరా ఆదా ఉంది. గాలి తక్కువ కావాలంటే ఫ్యాన్‌ను పూర్తి వేగంతో తిప్పుతూ దారికి అడ్డు పెట్టడం కంటే, వేగాన్నే తగ్గించడం మేలు. ఫ్యాన్‌కు కావలసిన విద్యుత్తు దాదాపు వేగం ఘనానికి అనులోమంగా ఉంటుంది. వేగం 20 శాతం తగ్గితే ఖర్చు దాదాపు సగానికి పడిపోతుంది. నీటిని ఎత్తుకు ఎక్కించే పంపుల్లో మాత్రం లాభం ఇంత ఉండదు.

చట్టం చేసిన పని

ఇంధన పరిరక్షణ చట్టం 2001లో వచ్చింది. దాని కింద ఎక్కువ శక్తి వాడే పరిశ్రమలకు 2012లో ‘పెర్ఫార్మ్, అచీవ్ అండ్ ట్రేడ్’ పథకం మొదలైంది. తొలి విడతలో ఉక్కు, సిమెంటు, ఎరువులు సహా 8 రంగాలకు చెందిన 478 సంస్థలకు విశిష్ట శక్తి వినియోగాన్ని తగ్గించే లక్ష్యాలు పెట్టారు. లక్ష్యం దాటి ఆదా చేసినవారికి సర్టిఫికెట్లు ఇస్తారు. లక్ష్యం అందుకోలేనివారు వాటిని కొనుక్కోవాలి. ఒక్కో సర్టిఫికెట్ ఒక టన్ను చమురుకు సమానమైన శక్తికి గుర్తు.

అయితే పొదుపుకూ ఒక హద్దుంది. ఖనిజంలోని ఆక్సిజన్‌ను విడదీసి ఇనుము తీయడానికి కొంత శక్తి తప్పనిసరి. దాన్ని ఏ ఇంజనీరూ తగ్గించలేడు. ఆ కనీస అవసరానికీ, నిజంగా అవుతున్న ఖర్చుకూ మధ్య ఉన్న తేడాలోనే పొదుపుకు చోటుంది. కోకింగ్ బొగ్గులో అధిక భాగాన్ని దిగుమతి చేసుకునే మన ఉక్కు పరిశ్రమకు ఆ తేడా ఎంత తగ్గితే అంత డబ్బు మిగులుతుంది, గాలిలోకి అంత తక్కువ కార్బన్ డయాక్సైడ్ చేరుతుంది.