అడవినాభిని పెంచాలంటే

చి. సౌమ్యకు,

నువ్వు పంపిన ఫోటో చూశాను. చెరువు వెనక కంచె మీదికి పాకింది అగ్నిశిఖే, అనుమానం లేదు. అడవినాభి అన్నా ఇదే. పూలు చూసి ముచ్చటపడి దుంప తవ్వి తెచ్చుకుంటానన్నావు చూడు, అక్కడ ఆగు. పెంచుకోవద్దని అనను. కానీ ముందు ఆ తీగను పువ్వు లేనప్పుడు గుర్తుపట్టడం నేర్చుకో. పువ్వుంటే దాన్ని ఎవరైనా గుర్తుపడతారు. ఏడాదిలో ఎక్కువ కాలం అది పువ్వు లేకుండానే ఉంటుంది, సగం ఏడాది అసలు నేల మీదే ఉండదు.

తొలకరికి నేల మెత్తబడగానే ఒంటి మొలక నిటారుగా లేస్తుంది. ఆ వయసులో దాన్ని వెన్నవెదురు అనుకుని కలుపులో పీకేసే ప్రమాదం ఉంది. రెండింటికీ ఆకులో ఈనెలు పొడుగునా పక్కపక్కనే సాగుతాయి మరి. తేడా ఆకు మొదట్లో చూడాలి. వెన్నవెదురు ఆకు మొదలు కాండాన్ని ఒరలా చుట్టుకుని ఉంటుంది. అడవినాభికి ఆ ఒర ఉండదు, కాడా ఉండదు. ఆకు నేరుగా కాండానికే అతుక్కుని నున్నగా మెరుస్తుంటుంది. కొన్నాళ్లు ఆగితే ఇక తికమకే లేదు. పై ఆకుల కొసలు సన్నగా సాగి, చుట్టలు తిరిగి, దొరికిన పుల్లను పట్టుకుంటాయి. బీర, కాకర తీగలకు నులితీగలు కణుపుల దగ్గర విడిగా పుడతాయి. దీనికి ఆకు కొసే నులితీగ. ఈ ఒక్క గుర్తు మనసులో పెట్టుకుంటే మన అడవుల్లో దీన్ని పట్టుకోవడం కష్టం కాదు.

ఒకే తీగ మీద మూడు రంగుల పూలున్నాయని రాశావు. అవి మూడు వయసుల పూలమ్మా. మొగ్గ పచ్చగా తలవంచుకుని ఉంటుంది. విచ్చుకునేకొద్దీ ఆరు రేకులూ వెనక్కి, పైకి మడుచుకుపోతాయి. అంచులు అలలుగా ముడతలు పడి ఉంటాయి. తొలిరోజుల్లో పసుపు, తర్వాత పై నుంచి ఎరుపు దిగుతూ వచ్చి చివరికి రేకంతా ఎర్రబడుతుంది. ఈసారి వెళ్లినప్పుడు పువ్వు కింద నిలబడి చూడు. ఆరు కేసరాలూ చుట్టూ బయటికి చాచుకుని ఉంటాయి. నడుమనున్న కీలం కిందికి వేలాడకుండా, మొదట్లోనే లంబకోణంలో పక్కకు తిరిగిపోయి ఉంటుంది. తన పుప్పొడి తన మీదే పడకుండా చేసుకున్న ఏర్పాటది. తమిళనాడులో గింజల కోసం దీన్ని సాగుచేసే రైతులు పొద్దున్నే చేలోకి దిగి, ఒక పువ్వు పుప్పొడిని ఇంకో పువ్వుకు చేత్తో అంటిస్తారు. అక్కడ ఇది రాష్ట్ర పుష్పం కూడా. జింబాబ్వేకైతే జాతీయ పుష్పం. బ్రిటన్ రాణి ఎలిజబెత్ ఇంకా యువరాణిగా ఉన్న 1947లో, ఆమె పుట్టినరోజుకు ఆ దేశపు బడిపిల్లల తరఫున ఈ పువ్వు ఆకారంలో వజ్రాల బ్రూచ్ ఇచ్చారు.

ఇక అసలు సంగతి. ఈ మొక్కలో ప్రతి భాగమూ విషమే. దుంప, గింజ మరీను. కోల్చిసిన్ అనే ఆ విషం మన ఒంట్లో కణాలు విభజన చెందకుండా ఆపేస్తుంది. తిన్న వెంటనే ఏమీ తెలియదు. కొన్ని గంటలు గడిచాక గొంతు మంట, ఆగని వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. బతికి బయటపడ్డవాళ్లకు సైతం ఆ తర్వాత జుట్టు ఊడిపోవచ్చు. శ్రీలంకలో ఈ దుంపను తినే దుంప అనుకుని వండుకుని చనిపోయినవాళ్లున్నారు. ఇదే కోల్చిసిన్‌ను గౌట్ నొప్పికి అర మిల్లీగ్రాము బిళ్లగా డాక్టర్లు రాసిస్తారు. అంత చిన్న మోతాదు మందును దుంప నూరి మనం కొలుచుకోగలమా? దుంప గంధం పట్టు వేస్తే పురుడు తేలికవుతుందని ఊళ్లో ఎవరైనా చెబితే వినకు, ఇంకొకరికి చెప్పకు. దీన్ని ముట్టుకునేటప్పుడు చేతికి తొడుగులుండాలి. దుంపల్ని ఒక్క పూటైనా వంటింట్లో, అల్లం గంప పక్కన పెట్టొద్దు.

కంచె దగ్గర తవ్వొద్దని ఎందుకన్నానంటే, మందుల కోసం తవ్వి తవ్వి చాలాచోట్ల దీన్ని ఇప్పటికే అరుదు చేసేశారు. అదొకటి. రెండోది, దుంప నాగలిలా వంగి రెండు పాయలుగా ఉంటుంది. మొలకెత్తే కన్ను ఒక్కో పాయ కొసన ఒక్కటే. గునపం తగిలి ఆ కొస విరిగిందా, ఇక మొలవదు. బంగాళాదుంపలా ముక్కలు కోసి నాటే వీలు లేదు.

కాబట్టి గింజలతో మొదలుపెట్టు. వానలు వెనకబడ్డాక కాయలు ఎండి మూడు పాయలుగా పగిలి, ఎర్రటి గింజలు బయటపడతాయి. రెండు మూడు కాయలు కోసుకుని మిగతావి కంచెకే వదిలెయ్. ఎండాకాలం దాటాక తొలకరిలో విత్తు. ఒకేసారి మొలవవు, కొన్నిటికి నెలలు పడుతుంది. పూలకు మూడో నాలుగో ఏడు దాకా ఆగాలి. అంత ఓపిక లేకపోతే నర్సరీలో దుంప కొనుక్కో. లోతైన కుండీలో ఎర్రమట్టి, ఇసుక, ఆకు ఎరువు కలిపి, దుంపను అడ్డంగా పడుకోబెట్టి నాలుగు వేళ్ల లోతున కప్పు. కన్నున్న కొస మాత్రం జాగ్రత్త. మొదలు నీడలో, తల ఎండలో ఉండేలా చూడు. ఊతానికి లావు వెదురు బొంగు పెట్టకు, దాన్ని ఆ ఆకు కొసలు పట్టుకోలేవు. ఎండిన కందికంప గుచ్చు.

ఆకుల మీద నల్లటి ఒంటికి ఎరుపు, తెలుపు మచ్చలున్న గొంగళిపురుగులు కనబడితే తొడుగులు వేసుకుని ఏరి పారెయ్. మనల్ని చంపే ఆకు వాటికి మేత! ఒక్క రాత్రి వదిలేస్తే తీగంతా పుల్లలే మిగులుతాయి.

చలి ముదిరేసరికి తీగ పసుపుబారి ఎండిపోతుంది. చచ్చిపోయిందని ఫోన్ చేయకు. ఆపాటికి పాత దుంప వట్టిపోయి, కింద కొత్త దుంప తయారై ఉంటుంది. అప్పట్నుంచి తొలకరి దాకా చుక్క నీళ్లు పోయొద్దు, తడి తగిలితే కుళ్లుతుంది. ఇంకో భయం మీ అమ్మతో. ఖాళీ కుండీ కనబడితే చాలు, కొత్తిమీర చల్లేస్తుంది. కుండీ మీద పెయింటుతో పెద్ద అక్షరాల్లో ‘విషపు దుంప, కదపొద్దు’ అని రాసిపెట్టు.

ఇట్లు,
మీ పెద్దనాన్న