పసిబిడ్డ బట్టలు : మన ఇండ్లలోని కుట్టు, అల్లిక

ఆళ్లగడ్డ అనగానే దూరప్రాంతమువారికి ఉలి చప్పుడు, నల్లరాతి విగ్రహములు, ఆ వెనుక అహోబిలము కొండలు గుర్తునకు వచ్చును. అది మన ఊరికి న్యాయముగా దక్కిన కీర్తియే. అయితే ఉలి పట్టిన ఇండ్లు కొన్ని మాత్రమే. సూది లేని ఇల్లు మాత్రము ఈ ప్రాంతములో ఒక్కటియు కానరాదు. గోడ క్యాలెండరుకు గుచ్చిన సూది, పాత బిస్కట్టు డబ్బాలో దారపు ఉండలు, నాలుగు గుండీలు, ఒక మొండి కత్తెర: ఇంతే ఆ శాస్త్రమునకు కావలసిన సామగ్రి. కళాశాల సంచికలో వ్రాయదగినంత విషయము ఇందులో ఏమున్నదని కమిటీ పెద్దలలో కొందరికి తోచవచ్చును. పసిబిడ్డకు బట్ట కుట్టుటలో ఎంత లెక్క, ఎంత శరీరశాస్త్రము, ఎంత జాగ్రత్త ఇమిడి ఉన్నదో చూపవలెనని మా ప్రయత్నము.

మొదట మన నేలను గూర్చి ఒక మాట. నంద్యాల చుట్టుప్రక్కల నల్లరేగడి పత్తికి ప్రసిద్ధము. 1906లోనే నంద్యాలలో వ్యవసాయ పరిశోధనా క్షేత్రము ఏర్పడినది, అక్కడ పుట్టిన పత్తి రకములలో ‘నరసింహ’ రైతులందరు ఎరిగినదే. పత్తి పండిన చోట దూది ఏకువారు ఉండకతప్పదు. మన జిల్లాలలోని దూదేకుల సోదరులు విల్లు భుజాన వేసుకొని వాడవాడకు పోయి, దాని నారిని మ్రోగించి గడ్డకట్టిన దూదిని మంచువలె విడగొట్టి పరుపులు, దిండ్లు నింపి ఇచ్చెడివారు. ఇంట తెలుగు మాటలాడుచు ఇస్లామును పాటించు ఈ వర్గము, రెండు భాషల మన కళాశాలకు ఒక సహజమైన ప్రతీక వంటిది. యంత్రములు, రబ్బరు పరుపులు వచ్చిన పిదప ఆ విల్లు మ్రోత వీధులలో అరుదైనది. సూది మాత్రము ఇంటిలో నిలిచినది.

ఉర్దూలో ఈ పనిని ‘సీనా పిరోనా’ అందురు. కుట్టుట, దారము గ్రుచ్చుట అని అర్థము. తెలుగులో ‘కుట్లు అల్లికలు’ అనుచున్నాము. రెండు భాషలును దీనికి జంటపదమునే ఎంచుకొన్నవి. చేతికుట్టుకు మన ముస్లిము ఇండ్లలో వాడు పేర్లు గమనింపదగినవి: బట్టను తాత్కాలికముగా నిలుపు పొడవు కుట్టు ‘కచ్చా టాంకా’, వెనుకకు వచ్చి ముందుకు పోవు గట్టి కుట్టు ‘బఖియా’, అంచు మడిచి కుట్టునది ‘తుర్పాయీ’. ఈ మూడు వచ్చినచో పసిబిడ్డకు కావలసిన బట్టలన్నియు కుట్టవచ్చును.

బిడ్డ పుట్టకముందే తయారగు మొదటి వస్తువు బొంత. ఉర్దూ ఇండ్లలో దానినే గోదడీ అందురు. పేరు వేరైనను చేయు విధము ఒక్కటే. అమ్మమ్మ చీర, జేజి చీర, నాయన పాత పంచె, వీనిని ఉతికి, ఎండబెట్టి, చినిగిన భాగములు తీసివేసి, మూడు నాలుగు పొరలుగా పరతురు. నేలపై పరచి నలుమూలల బరువు పెట్టి, మొదట కచ్చా టాంకాతో పొరలు కదలకుండ పట్టి, పిదప అంచు నుండి లోపలికి వరుస వెంట వరుసగా కుట్టుకొని పోవుదురు. క్రొత్త బట్ట కొనలేక పాతది వాడుచున్నారని చదువుకొన్న పిల్లలు అనుకొనుచుందురు. అది పొరపాటు. క్రొత్త నూలుబట్టలో గంజి ఉండును, విడువని రంగు ఉండును, పోగు బిరుసుగా ఉండును. వందమార్లు ఉతికిన చీరలో ఆ మూడును పోయి, మెత్తదనము, తేమను పీల్చు గుణము మిగులును. పుట్టిన బిడ్డ చర్మము మన చర్మము కంటె పలుచన కనుక ఇంతకంటె తగిన బట్ట అంగడిలో దొరకదు. మందమైన ఒకే దుప్పటికంటె పలుచని పొరల బొంత త్వరగా ఆరునను సంగతి, దినమునకు పదిమార్లు తడిపిన బట్టలు ఉతుకు తల్లికి చెప్పనక్కరలేదు.

ఈ బొంత కుట్టుటకు ప్రత్యేకమైన వేళ ఏదియు లేదు. మధ్యాహ్నము అంట్లు ముగిసి, కుళాయి నీళ్లు వచ్చుటకు ముందు దొరకు గంట ఒకటి. పెద్దపిల్ల బడినుండి వచ్చి సంచి విసరివేయులోపల రెండు వరుసలు. కన్నులు ఆనని జేజి ప్రక్కన కూర్చుండి, మనుమరాలిచే సూదిలో దారము ఎక్కించుకొని, మూల కుట్లు తాను వేయును. నడుమ పాలు పొంగును. ఎవరో వాకిట పిలుతురు. ఇట్టి ఇంటిలో ప్రాకు బిడ్డ కూడ ఉండును గనుక ఒక నియమము తప్పనిసరి: కూర్చుండునప్పుడు ఎన్ని సూదులు తీసితిమో, లేచునప్పుడు అన్నియు లెక్కకు రావలెను. గుండుసూదులు వాడిన యెడల మరింత జాగ్రత్త. మా జేజి లెక్క సరిపోవువరకు చాప ఎత్తనిచ్చెడిది కాదు.

ఇచ్చట అత్యవసరముగా చెప్పదలచిన సంగతి ఒకటి ఉన్నది. మొదటి బిడ్డ బొంతలు, టోపీలు రెండవ బిడ్డకై ట్రంకు పెట్టెలో దాచి, పురుగు పట్టకుండ కలరా ఉండలు వేయుట మన ఇండ్లలో వాడుక. ఆ తెల్లని ఉండలు సాధారణముగా నాఫ్తలీను. కొందరు బిడ్డలకు, ముఖ్యముగా మగబిడ్డలకు, జీ-6-పీ-డీ అను ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉండును. అట్టి బిడ్డకు ఆ వాసన పట్టిన బట్టలు తొడిగినచో ఎర్ర రక్తకణములు పగిలి, కామెర్లు తీవ్రమై, మెదడుకు సైతము హాని కలుగవచ్చును. ఆ లోపము పైకి కనబడునది కాదు. కావున పసిబిడ్డ బట్టల పెట్టెలో ఆ ఉండలు ఎన్నడును వేయరాదు. బాగుగా ఆరిన బట్టలను శుభ్రమైన నూలుగుడ్డలో మూటకట్టి, ఎండిన వేపాకు ఉంచి, అప్పుడప్పుడు ఎండ చూపిన చాలును. మునుపే ఆ వాసన పట్టిన బొంతను బాలింత గదిలోనికి తేకుండుట మేలు. బిడ్డ కండ్లు, ఒళ్లు పచ్చబడినచో పసరు వైద్యముతో కాలము గడపక వెంటనే డాక్టరుకు చూపవలెను.

ఇక జబలా. పెద్దవారి చొక్కాను చిన్నది చేసిన పిల్లవాని చొక్కా అగునని క్రొత్తగా నేర్చువారి ఊహ. పుట్టిన బిడ్డకు తల చుట్టుకొలత సుమారు 34 సెంటీమీటర్లు, ఛాతీ అంతకంటె ఒకటి రెండు తక్కువ. ఏడాది నాటికి రెండును సమానమగును, ఆ తరువాతనే ఛాతీ మించును. అనగా పసిబిడ్డకు ఒంటికంటె తలయే పెద్దది. మెడ కొలిచి మెడకు సరిపడ కత్తిరించిన జబలా తల దాటదు. అందుకే వెనుకవైపు నిలువున తెరచి, పైన ఒక చిన్న కట్టు మాత్రము ఉంచుట పెద్దల పద్ధతి. పుట్టినప్పుడు సుమారు 50 సెంటీమీటర్ల పొడవున్న బిడ్డ ఏడాదికి 75 వరకు పెరుగును. సరిగ్గా కొలతకు కుట్టిన బట్ట రెండు నెలలు కూడ రాదు. క్రింది అంచులో రెండంగుళముల మడత, ప్రక్కకుట్టులో అర అంగుళము మిగులు ఉంచి, బిడ్డతోపాటు విప్పుకొనుచు పోవలెను. ఆరు నెలల బిడ్డ ఛాతీ 17 అంగుళములు ఉన్నచో జబలా చుట్టు 20కి తగ్గరాదు. ఊపిరి తీయుటకు, చేయి తొడుగుటకు, గాలి ఆడుటకు ఆ మూడంగుళములు. క్రొత్త నూలుబట్టను కత్తిరించకముందే ఒకమారు నీట తడిపి ఆరబెట్టుట మరువరాదు, లేనిచో కొలతలన్నియు మొదటి ఉతుకులోనే కుంచించుకొని పోవును. నెలల బిడ్డకు కుట్టుమిగులు ఒంటికి తగులకుండ పై వైపునకు ఉంచి కుట్టుట మరియొక సూక్ష్మము. చూచుటకు తిరగవేసినట్లుండును. ఉండనిండు, బిడ్డకు అద్దముతో పనిలేదు.

పండుగనాడు తళతళలాడు నైలాను గౌను తొడిగి దీపముల దగ్గర, పొయ్యి దగ్గర తిప్పుట మాకు ఎంతమాత్రము ఇష్టము లేదు. నిప్పంటినచో అట్టి బట్ట కరిగి చర్మమునకు అతుక్కొనును. నూలుకు కూడ నిప్పంటును, కాని ఇట్లు కరిగి అంటుకొనదు. ఎండాకాలము నలభై డిగ్రీలు దాటు మన ఊరిలో నూలు జబలాను మించిన పండుగ దుస్తు ఏమున్నది?

ఎండలను గూర్చి చెప్పుచు ఊలును గూర్చి చెప్పుట కొందరికి నవ్వు పుట్టించవచ్చును. అయినను మార్గశిర పుష్య మాసములలో నల్లమల వైపునుండి వచ్చు తెల్లవారుజాము చలి నెలల బిడ్డకు చలియే. కురుబలు నేయు కంబళి గొర్రెకాపరికి వెచ్చనిదే గాని పసిచర్మమునకు గుచ్చును. ఇచ్చట మెత్తని ఊలు అల్లిక పనికివచ్చును. నేతలో నిలువుపోగు, అడ్డపోగు ఒకదానినొకటి దాటిపోవును. అల్లికలో ఒకే దారము ఉచ్చులో ఉచ్చుగా నడచును. అందుచేతనే అల్లిన బట్ట సాగును, తలతోపాటు పెరుగును. ఒక్క ఉచ్చు తెగినచో వరుసంతయు జారిపోవుటకు కారణము కూడ అదియే. ‘సీదా’, ‘ఉల్టా’ అను రెండు కుట్లు తెలిసినవారికి టోపీ, మేజోళ్లు అందుబాటులో ఉన్నట్లే.

మేము మొదట అల్లిన టోపీ కథ చెప్పెదము. పుస్తకములో పదునారు అంగుళముల తలకు 112 కుట్లు వేయుమని ఉన్నది. నాలుగు ప్లై ఊలు, పది నెంబరు సూదులు. అక్షరము తప్పక వేసితిమి. వారము దినములు శ్రమించి ముగించిన పిదప అది బిడ్డ నెత్తిన నిలువలేదు. జేజి దానిని చేత త్రిప్పి, “ఇది బిడ్డకా నాయనా, లోటాకా?” అన్నది. పుస్తకము వ్రాసినవారి చేతికి అంగుళమునకు ఏడు కుట్లు పడినవి. మా చేయి బిగువు, ఎనిమిది పడినవి. 112ను ఏడుతో భాగించిన పదునారు, ఎనిమిదితో భాగించిన పదునాలుగు. అంగుళములో ఒక్క కుట్టు, తలమీద రెండంగుళములు! నాటినుండి ఏది మొదలుపెట్టినను ముందు నాలుగంగుళముల చదరపు ముక్క అల్లి, బల్లపై పరచి, కుట్లు లెక్కించిన పిదపనే కొలత వేయుచున్నాము. అనుపాతము అను పాఠము మాకు తరగతిలో కంటె ఆ టోపీలోనే స్పష్టపడినదనుట అతిశయోక్తి కాదు.

టోపీ బయటికి తీసికొనిపోవునప్పుడే. గదిలో నిదురించు బిడ్డకు ఊలు టోపీ ఉంచరాదు. పసిబిడ్డ ఒంటి వేడి ఎక్కువగా తలనుండియే పోవలెను. గడ్డము క్రింద ముడివేయు నాడాలు, మెడచుట్టు రిబ్బన్లు ఉయ్యాల త్రాడుకు గాని మంచపు కోడుకు గాని తగులుకొన్నచో ప్రాణాపాయము. గుండీలు పండ్లు వచ్చు వయస్సు బిడ్డ నోటికి అందును, కావున గుండీకి బదులు ఒక చిన్న గుడ్డకట్టు. మేజోళ్లు, చేతితొడుగులు అల్లినవారు వానిని తిరగవేసి లోపలి దారపు కొసలు ఒక్కొక్కటిగా కుట్టివేయవలెను. సన్నని ఊలుపోగు కాలివ్రేలికి చుట్టుకొని బిగిసినచో రక్తము ఆగి వ్రేలు ఉబ్బును. బిడ్డ గుక్కపట్టి ఏడ్చును, పెద్దలు కడుపునొప్పి అనుకొందురు. కారణము తెలియక ఏడ్చు బిడ్డకు మొదట మేజోళ్లు విప్పి ప్రతి వ్రేలును చూడుడు.

కుట్టుమిషను విషయము క్లుప్తముగా. అమెరికాలో ఎలియాస్ హోవ్ 1846లో, ఐజక్ సింగర్ 1851లో దానికి పేటెంట్లు పొందిరి. 1930ల దశకములో కలకత్తాలో ఉషా మిషను తయారైన పిదప అది మన మధ్యతరగతి ఇండ్లకు చేరువైనది. యంత్రములపై అంత అనుమానమున్న గాంధీమహాత్ముడు సైతము 1924లో సింగరు కుట్టుమిషనును మినహాయింపుగా ఎంచెను. మిషనుపై అంగడిలో కూర్చుండు దర్జీ తరతరములుగా పురుషుడే. ఇంటికి వచ్చునప్పటికి సూది ఆడదాని పని ఎట్లయినదో మాకు ఇంతవరకు బోధపడలేదు. అంగడిలో కూలి కట్టెదరు, ఇంటిలో కట్టరు, అంతేనా?

ఈ ప్రశ్నకు మన రాష్ట్రములోనే ఒక గట్టి నిదర్శనమున్నది. పశ్చిమ గోదావరి జిల్లా నర్సాపురము ప్రాంతములో వేలాది స్త్రీలు క్రోషా సూదితో లేసు అల్లుదురు. పందొమ్మిదవ శతాబ్దమున మిషనరీలు నేర్పిన ఆ విద్య విదేశములకు ఎగుమతియగు పరిశ్రమయైనది. జర్మను సామాజిక శాస్త్రవేత్త మారియా మీస్ అక్కడ పరిశోధించి 1982లో ఒక గ్రంథము ప్రకటించినది. దినమునకు ఎన్నో గంటలు అల్లు ఆ స్త్రీలను చుట్టూ ఉన్నవారు, చివరకు వారును, ‘తీరిక వేళ ఏదో చేయు గృహిణులు’గానే ఎంచుచున్నారని, ఆ మాట చాటుననే వారి కూలి అత్యల్పముగా నిలిచిపోయినదని ఆమె చూపినది. 2024లో ఆ లేసుకు భౌగోళిక గుర్తింపు లభించినది. లేసుకు పేరు వచ్చినది సరే, అల్లిన చేతికి ఏమి ముట్టినదో అడుగవలసియున్నది. 2019 నాటి జాతీయ కాలవినియోగ సర్వే ప్రకారము, జీతము లేని ఇంటిపని చేయువారిలో స్త్రీలు సగటున దినమునకు 299 నిమిషములు, పురుషులు 97 నిమిషములు వెచ్చించుచున్నారు. బొంత కుట్టు ఆ మధ్యాహ్నపు గంట కూడ ఇట్టి ఇంటిపనియే గదా!

కమిటీ పెద్దలకు మా విన్నపము పెద్దది కాదు. ఖాళీగా ఉన్న ఒక గది, రెండు త్రొక్కుడు మిషన్లు, వారమునకు ఒక మధ్యాహ్నము. నేర్పుటకు బయటినుండి ఎవరిని పిలువనక్కరలేదు, మన విద్యార్థినుల అమ్మలు, జేజులు ఉన్నారు, వారికి గౌరవవేతనము మాత్రము తప్పక ఇవ్వవలెను. అబ్బాయిలకు సెలవు ప్రకటించవద్దు. మొదటి పాఠముగా ఒక్కొక్కరు నాలుగంగుళముల చదరపు ముక్క అల్లి, అంగుళమునకు తన చేతికి ఎన్ని కుట్లు పడినవో ఒక చీటిపై వ్రాసి దానికి గుచ్చి తేవలెను. ఇంటిలో పసిబిడ్డ ఉన్నచో తల చుట్టుకొలత కూడ వ్రాయవలెను. కొలుచునప్పుడు టేపు కనుబొమల పైనుండి, తల వెనుక ఎత్తైన భాగము మీదుగా పోవలెను.