అమెరికా వచ్చిన భార్య తన కాళ్ల మీద తాను నిలబడాలంటే

పెళ్లయ్యాక హెచ్‌-4 వీసా (హెచ్‌-1బి ఉద్యోగి జీవిత భాగస్వామికి ఇచ్చేది) మీద అమెరికా వచ్చే తెలుగమ్మాయిల్లో ఇంజినీర్లు, ఫార్మసీ చదివినవాళ్లు, టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు ఎందరో ఉంటారు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో స్కూటీ మీద ఆఫీసుకు వెళ్లి, జీతం తెచ్చుకుని, ఇంటికి కావలసినవి తనే కొనుక్కొచ్చిన మనిషి, ఇక్కడ దిగిన మర్నాటి నుంచి పాల కోసం కూడా భర్త ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆగాల్సి వస్తుంది. ఇందులో ఆమె చేతకానితనం ఏమీ లేదు. వీసా నియమాలు, బస్సుల్లేని ఊళ్లు, ఆమె పేరే కనిపించని కాగితాలు అన్నీ కలిసి ఆమెను కట్టిపడేస్తాయి.

చాలామంది భర్తలు ప్రేమకొద్దీ "నేనున్నాగా, నీకెందుకు శ్రమ" అని అన్ని పనులూ తామే నెత్తినేసుకుంటారు. కొన్ని నెలలు గడిచేసరికి ఆమెకు ఏ పనీ అలవాటు కాదు, ఆయనకు తీరికా ఉండదు. మీరు ఊళ్లో లేని రోజున కూడా ఆమెకు ఏ లోటూ లేకుండా గడవాలి. అప్పుడే మీరు చేసిన సాయం ఫలించినట్టు. అందుకు ఏ పని ముందు, ఏది తర్వాత అన్నది టెక్సాస్‌ను ఉదాహరణగా తీసుకుని వరసగా చెబుతాను. భార్య ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చిన భర్తకూ ఇవే వర్తిస్తాయి.

1. విమానం ఎక్కక ముందు

మొదట ఆమె పాస్‌పోర్టులో పేరు చూడండి. సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే, అమెరికా వీసాలో ఉన్న పేరంతా ఇంటిపేరు చోటికి పోయి, అసలు పేరు చోట "ఎఫ్‌ఎన్‌యు" అని పడుతుంది. మొదటి పేరు తెలియదని దానర్థం. తర్వాత లైసెన్సు మీద, బీమా కార్డు మీద, బ్యాంకు ఖాతాలో ఆ మూడక్షరాలే ఆమె పేరవుతాయి. వీసాకు దరఖాస్తు పెట్టక ముందే పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు విడివిడిగా రాయించుకుంటే ఈ బాధ తప్పుతుంది.

రెండోది కాగితాలు. డిగ్రీ ఒరిజినల్, కన్సాలిడేటెడ్ మార్కుల మెమో, యూనివర్సిటీ సీలు వేసిన కవర్లలో ట్రాన్‌స్క్రిప్టులు, పాత ఉద్యోగాల అనుభవ పత్రాలు, మ్యారేజ్ సర్టిఫికెట్, టీకాల రికార్డు, వాడుతున్న మందుల చీటీలు అన్నీ వెంట తెచ్చుకోవాలి. ఇక్కడికి వచ్చాక ట్రాన్‌స్క్రిప్టులు కావాలంటే ఊళ్లో ఉన్న నాన్న యూనివర్సిటీ చుట్టూ తిరగాల్సి ఉంటుంది.

మూడోది ఇల్లు. బ్రహ్మచారిగా ఉన్నప్పుడు మీకు ఆఫీసు దగ్గరైతే చాలు. ఇప్పుడు ఆమె నడిచి వెళ్లగలిగే దూరంలో ఏముందో చూడాలి. మనవాళ్లు ఎక్కువగా ఉండే ఫ్రిస్కోలో డాలస్ ప్రాంతపు డార్ట్ బస్సులు, రైళ్లు లేవు. కాలిబాట, కిరాణా దుకాణం, లైబ్రరీ, పార్కు దగ్గరలో ఉన్న అపార్ట్‌మెంట్‌కు అద్దె కాస్త ఎక్కువైనా, మొదటి ఏడాది అలాంటిదే తీసుకోండి. లీజులో ఆమె పేరు కూడా రాయించండి. చిరునామా రుజువుగా అది తర్వాత చాలా చోట్ల అక్కరకొస్తుంది.

2. దిగిన మొదటి వారం

సరిహద్దు అధికారుల వెబ్‌సైట్‌లో ఆమె ఐ-94 (దేశంలోకి ప్రవేశించిన రికార్డు) తీసి పేరు, హోదా, గడువు తేదీ సరిగ్గా ఉన్నాయో లేదో ఆమెతో కలిసి చూడండి. ఆమె ఈ దేశంలో ఎప్పటివరకు ఉండవచ్చో తేల్చేది ఆ తేదీయే, వీసా స్టాంపు మీది తేదీ కాదు. పాస్‌పోర్టు గడువు ముందే ముగుస్తుంటే ఐ-94 కూడా అక్కడికే ఆగిపోవచ్చు. అలాగే ఆమె హోదా మీ ఉద్యోగం మీద ఆధారపడి ఉంటుందని, ఉద్యోగం పోతే సాధారణంగా ఇద్దరికీ కలిపి 60 రోజుల వరకే వ్యవధి ఉంటుందని దాచకుండా చెప్పండి. పాస్‌పోర్టు, ఐ-94 ప్రతి, మ్యారేజ్ సర్టిఫికెట్ ఆమె ఫైల్లో, ఆమె దగ్గరే ఉండాలి.

ఆరోగ్య బీమాలో ఆమెను చేర్చే పని వాయిదా వేయకండి. పెళ్లయిన తేదీ నుంచి దానికి చాలా కంపెనీలు ఇచ్చే గడువు 30 రోజులే. పెళ్లికీ రాకకూ మధ్య నెలలు గడిచి ఉంటే, ఆమె దిగిన తేదీని బట్టి చేర్చే వీలుందేమో హెచ్‌ఆర్‌ను ముందే అడిగి ఉంచుకోండి.

ఇంట్లో తెలియాల్సినవీ కొన్ని ఉన్నాయి. ఎండుమిరపకాయలతో తాలింపు వేసిన మొదటి రోజే స్మోక్ అలారం మోగి ఆమె హడలిపోతుంది. పొయ్యి వెలిగించక ముందే ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయాలని, అలారం మోగితే కిటికీ తెరిచి పొగ పోనివ్వాలని చూపించండి. ఆపద వస్తే 911కు ఫోన్ చేసి ముందు చిరునామా చెప్పాలి. పొరపాటున ఆ నంబరు నొక్కితే కంగారుపడి పెట్టేయకుండా, పొరపాటని చెప్పి పెట్టాలి. ఇంటి చిరునామా, అపార్ట్‌మెంట్ నంబరుతో సహా, ఆమెకు నోటికి రావాలి.

3. మొదటి నెల: డబ్బు

వెంటనే జాయింట్ ఖాతా తెరవండి. సోషల్ సెక్యూరిటీ నంబరు లేకపోయినా పాస్‌పోర్టు, చిరునామా రుజువుతో ఖాతా తెరిచే బ్యాంకులు ఉన్నాయి. డెబిట్ కార్డు ఆమె పేరున రావాలి. మీ క్రెడిట్ కార్డు మీద ఆమెను ఆథరైజ్డ్ యూజర్‌గా చేర్చండి.

అసలు సంగతి కార్డు కాదు, అడగాల్సిన అవసరం లేకపోవడం. నిన్నటిదాకా సొంత జీతం ఉన్న మనిషి చెప్పుల జతకో, తమ్ముడి పుట్టినరోజు కానుకకో చేయి చాపాల్సి రావడం ఎంత కష్టమో అనుభవించినవాళ్లకే తెలుసు. ఇంటి ఖర్చుకు, ఆమె సొంత ఖర్చుకు నెలనెలా ఇంతని ఇద్దరూ కూర్చుని అనుకోండి. సొంత ఖర్చుకు లెక్క అడగకండి. జీతం ఎంత, అద్దె ఎంత, అప్పులెన్ని, ఇండియాకు ఎంత పంపుతున్నారో కూడా ఆమెకు తెలియాలి.

వర్క్ పర్మిట్ లేని హెచ్‌-4 వాళ్లకు సోషల్ సెక్యూరిటీ నంబరు ఇవ్వరు. కలిపి ట్యాక్స్ దాఖలు చేసేటప్పుడు డబ్ల్యూ-7 ఫారం జతచేసి ఐటిన్ (ట్యాక్స్ కోసం ఇచ్చే నంబరు) తీసుకోవాలి. ఒరిజినల్ పాస్‌పోర్టును పోస్టులో పంపడం ఇష్టం లేకపోతే, ఐఆర్‌ఎస్ గుర్తించిన ఏజెంటు దగ్గర గానీ ఐఆర్‌ఎస్ సహాయ కేంద్రంలో గానీ చూపించి వెనక్కి తెచ్చుకోవచ్చు.

4. డ్రైవింగ్

టెక్సాస్ లాంటి చోట కారు నడపడం రాకపోతే గడప దాటలేం. అందుకే రెండో నెల నుంచి దీని మీదే దృష్టి పెట్టండి. ముందు రాష్ట్ర ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే డ్రైవర్ హ్యాండ్‌బుక్ చదివించండి. టెక్సాస్‌లో రాత పరీక్షకు 30 ప్రశ్నలుంటాయి, 70 శాతం వస్తే పాస్. లెర్నర్ లైసెన్సుతో నడిపేటప్పుడు పక్కన లైసెన్సున్న, 21 ఏళ్లు దాటిన వ్యక్తి ఉండాలి. లైసెన్సు ఇచ్చే ముందు ఆమె ఇమిగ్రేషన్ వివరాలను ఫెడరల్ ప్రభుత్వపు 'సేవ్' వ్యవస్థలో సరిచూస్తారు. కొత్తగా దిగినవాళ్ల వివరాలు అందులో కనబడడానికి కొంత సమయం పట్టవచ్చు, కాబట్టి తొలిసారి వెనక్కి పంపినా దిగులుపడక్కర్లేదు.

నేర్చుకోవడం ఖాళీ పార్కింగ్ లాట్‌లో మొదలుపెట్టాలి. ఇండియాలో కారు నడిపినవాళ్లకు కూడా ఇక్కడ ఎడమ, కుడి తారుమారు. రోడ్డు దాటేటప్పుడు ముందు ఎడమకు చూడాలి, కుడికి తిరిగితే దగ్గరి లేన్‌లోకి, ఎడమకు తిరిగితే రోడ్డు అవతలి సగంలోని లేన్‌లోకి చేరాలి. మనవాళ్లు ఎక్కువ తడబడేది ఫోర్‌వే స్టాప్ దగ్గర. చక్రాలు పూర్తిగా ఆగాలి. ముందు వచ్చి ఆగినవాళ్లది ముందు వంతు. ఇద్దరూ ఒకేసారి వస్తే కుడివైపు ఉన్న కారును వెళ్లనివ్వాలి. ఆ కూడలికి ఒక సాయంత్రం నడిచి వెళ్లి, పక్కన నిలబడి, వచ్చే ప్రతి కారునూ చూస్తూ "ఇప్పుడెవరి వంతు?" అని ఆమెనే చెప్పమనండి. స్టీరింగ్ పట్టుకుని, భయపడుతూ నేర్చుకునేదాని కన్నా ఇలా త్వరగా పట్టుబడుతుంది.

ఎర్ర దీపాలు వెలిగించి ఆగిన స్కూలు బస్సును దాటకూడదని, పోలీసు కారు వెనక దీపాలు వెలిగిస్తే కుడి పక్కకు ఆపి, దిగకుండా, చేతులు స్టీరింగ్ మీదే ఉంచాలని ముందే చెప్పాలి. మన దగ్గర కారు దిగి పోలీసు దగ్గరికి వెళ్లడం మర్యాద. ఇక్కడ అది ప్రమాదం. మీకు ఓపిక తక్కువైతే శిక్షకుడికి డబ్బిచ్చి నేర్పించండి. పక్కన కూర్చుని అరిచే భర్త వల్ల స్టీరింగ్ వదిలేసినవాళ్లు ఉన్నారు.

5. నోరు తెరవడం

ఇంగ్లిష్ మీడియంలో చదివినవాళ్లకు కూడా ఇక్కడి యాస ఫోన్‌లో అందదు. భర్తలు ఫోన్ అందుకుని తామే మాట్లాడేస్తారు. అలా చేయకండి. మందుల షాపుకు చేయాల్సిన ఫోన్ ఆమెతోనే చేయించండి. ముందు కాగితం మీద రాసుకోమనండి: పేరు, స్పెల్లింగ్, పుట్టిన తేదీ, మందు పేరు. తేదీ అడిగితే నెల ముందు, రోజు తర్వాత చెప్పాలి. 5-8 అంటే ఇక్కడ మే 8. ఫోన్‌లో 'వి', 'బి' ఒకేలా వినిపిస్తాయి కాబట్టి "వి యాజ్ ఇన్ విక్టర్" అనడం అలవాటు చేసుకోవాలి. మాట అర్థం కాకపోతే మళ్లీ చెప్పమని అడగడం తప్పు కాదు. మీరు పక్క గదిలో ఉంటే చాలు.

పబ్లిక్ లైబ్రరీ కార్డు ఊరివాళ్లకు ఉచితం. చాలా లైబ్రరీల్లో ఇంగ్లిష్ మాట్లాడుకునే బృందాలు వారం వారం కూర్చుంటాయి. మెక్సికో, చైనా, ఇరాన్ లాంటి దేశాల నుంచి వచ్చినవాళ్లు అక్కడ కనిపిస్తారు. తడబడేది తానొక్కతే కాదని ఆమెకు అక్కడ తెలుస్తుంది.

6. చదువు, ఉద్యోగం

హెచ్‌-4 మీద చదువుకోవచ్చు. ఉద్యోగానికి అనుమతి కావాలి. 2015 మే 26న అమల్లోకి వచ్చిన నియమం ప్రకారం, మీ ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే పిటిషన్) ఆమోదం పొంది ఉంటే, లేదా గ్రీన్‌కార్డు ప్రక్రియ ఆధారంగా ఆరేళ్లు దాటి హెచ్‌-1బి పొడిగింపు వచ్చి ఉంటే ఆమె ఐ-765 ఫారంతో వర్క్ పర్మిట్ కోరవచ్చు. మనవాళ్లు ఈఏడీ అనేది దీన్నే. ఎల్‌-2 మీద (ఎల్‌-1 ఉద్యోగి జీవిత భాగస్వామిగా) వచ్చిన భార్యకు గానీ భర్తకు గానీ 2021 నవంబరు నుంచి ఆ హోదాతోనే పనిచేసే హక్కు ఉంది. ఈ నియమాలు మారుతుంటాయి కాబట్టి యూఎస్‌సీఐఎస్ వెబ్‌సైట్ చూడండి, అవసరమైతే లాయర్‌ను అడగండి. వాట్సాప్ గ్రూపులో విన్నమాట మీద నిర్ణయాలు తీసుకోవద్దు. అనుమతి లేకుండా ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మినా, చీరలు అమ్మినా, ట్యూషన్‌కు డబ్బు తీసుకున్నా హోదాకు ముప్పే.

ఈఏడీ వచ్చేదాకా ఏళ్లు పట్టవచ్చు. ఆ కాలం వృథా కాకుండా ఆమె చదువుకు ఇక్కడ ఏ దారి ఉందో మొదటి ఆరు నెలల్లోనే తెలుసుకోవాలి. నర్సింగ్ చదివినవాళ్లు ఎన్‌సీఎల్‌ఈఎక్స్ రాయాలి, ఎంబీబీఎస్ చేసినవాళ్లు యూఎస్‌ఎంఎల్‌ఈ. ఫార్మసీ వాళ్లకు పెద్ద చిక్కుంది: 2003 జనవరి 1 తర్వాత పట్టా పొందినవాళ్లు ఇక్కడి ఫార్మసిస్టు అర్హతకు కనీసం ఐదేళ్ల కోర్సు చేసి ఉండాలి. మన బీఫార్మసీ నాలుగేళ్లే. ముందే తెలిస్తే ఫార్మసీ టెక్నీషియన్ వైపో, క్లినికల్ పరిశోధన వైపో ఆలోచించుకోవచ్చు. కమ్యూనిటీ కాలేజీలో ఒక్కో కోర్సు చొప్పున మొదలుపెట్టడం తక్కువ ఖర్చు దారి. జీతం లేని స్వచ్ఛంద సేవ ఫుడ్ బ్యాంకులోనో లైబ్రరీలోనో చేస్తే రెజ్యూమేలో ఖాళీ ఉండదు, సిఫార్సు రాసిచ్చేవాళ్లూ దొరుకుతారు.

7. మనుషులు

మీ స్నేహితుల భార్యలే ఆమె స్నేహితులు కావాలని లేదు. గుడికి, తెలుగు సంఘం ఉగాదికి వెళ్లండి. వాటితోపాటు ఆమె ఇష్టాన్ని బట్టి యోగా, కూచిపూడి, వంట, పరుగు, ఏదో ఒక చోట ఆమె పేరుతోనే ఆమెను పిలిచేవాళ్లు ఉండాలి.

అమ్మతో మాట్లాడే వేళకు అడ్డుపడకండి. వేసవిలో డాలస్‌లో ఉదయం ఎనిమిదైతే మన ఊళ్లో సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. అత్తగారింటి ఫోన్లలో "ఇంట్లోనే కదా ఉంటోంది" అనే మాట వస్తే సమాధానం చెప్పాల్సింది మీరు. ఇంటిపని కూడా ఇద్దరిదీ. పని అనుమతి లేదు కాబట్టి వంటా గిన్నెలూ అన్నీ ఆమెవే అనుకుంటే, పైన చెప్పిన వాటిలో ఒక్కదానికీ ఆమెకు సమయం మిగలదు.

8. సాయం అడగాల్సిన వేళ

నిద్ర పట్టకపోవడం, ఏడుపు ఆగకపోవడం, తిండి మానేయడం వారాల తరబడి సాగితే "అలవాటవుతుందిలే" అని వదిలేయకండి. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. మనసు బాగా కుంగితే 988 హెల్ప్‌లైన్‌కు ఏ వేళయినా ఫోన్ చేయవచ్చు.

ఈ మాట ఆమె కోసం, ఊళ్లో ఉన్న తల్లిదండ్రుల కోసం. పాస్‌పోర్టు దాచేయడం, డబ్బు ఇవ్వకపోవడం, వీసా రద్దు చేయిస్తానని బెదిరించడం, కొట్టడం అన్నీ హింసే. జాతీయ గృహహింస హెల్ప్‌లైన్ 1-800-799-7233 రాత్రీపగలూ పనిచేస్తుంది. న్యూజెర్సీలో మానవి, న్యూయార్క్‌లో సఖి, కాలిఫోర్నియా బే ఏరియాలో మైత్రి లాంటి దక్షిణాసియా మహిళా సంస్థలు ఎన్నో ఏళ్లుగా ఇందుకే ఉన్నాయి. హెచ్‌-1బి భర్త చేతిలో హింసకు గురైన హెచ్‌-4 భార్య తనంతట తాను వర్క్ పర్మిట్ కోరే వీలు చట్టంలో ఉంది. అమ్మాయిని పంపే ముందు ఈ హెల్ప్‌లైన్ నంబరు ఆమె ఫోన్‌లో ఉండేలా చూడండి.

ఏడాది గడిచాక ఇద్దరూ కూర్చుని చూసుకోండి. ఆమె ఒంటరిగా డాక్టర్ దగ్గరికి వెళ్లి రాగలదా? తన కార్డుతో తనకిష్టమైనది కొనుక్కోగలదా? మీ ప్రమేయం లేని స్నేహితురాలు ఒక్కరైనా ఉన్నారా? వచ్చే రెండేళ్లలో ఏం చదవాలో, ఏం చేయాలో ఆమె దగ్గర ఒక ఆలోచన ఉందా? వీటిలో ఏ ఒక్కదానికి "లేదు" అని జవాబొచ్చినా అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టండి. పుట్టిల్లు, ఉద్యోగం, ఊరు వదిలి ఆమె వచ్చింది మీ మాట నమ్మి. మొదటి ఏడాది వారాంతాలు ఈ పనులకే కేటాయించండి.