నటన, దర్శకత్వం, రంగాలంకరణ: మూడూ తెలిస్తేనే నాటకరంగంలో నిలకడ

‘కన్యాశుల్కం’లో మధురవాణి ఇంట్లో ఒక మంచం ఉంటుంది. దాని కింద రామప్పంతులు దాక్కుంటాడు, గిరీశమూ దూరతాడు. పూటకూళ్లమ్మ చీపురు పట్టుకుని వస్తుంది. ప్రేక్షకులు కడుపుబ్బ నవ్వే ఘట్టమిది. థియేటర్ ఆర్ట్స్ విద్యార్థి దీన్ని వేదికెక్కించాలంటే ముందు కొన్ని ప్రశ్నలకు జవాబు వెతకాలి. ఇద్దరు మనుషులు పట్టేలా మంచం ఎంత ఎత్తుండాలి? కింద ఉన్నవాళ్ల ముఖాలు ఆఖరి వరసకూ కనిపించాలంటే దాన్ని వేదికపై ఎక్కడ వేయాలి? ముడుచుకుని పడుకున్న నటుడు కళ్లతో, ఊపిరితో నవ్వెలా పుట్టించాలి? మొదటిది రంగాలంకరణ, రెండోది దర్శకత్వం, మూడోది నటన. ఒక జవాబు మారితే మిగతా రెండూ మారిపోతాయి. అందుకే నాటకాన్ని వృత్తిగా ఎంచుకునేవారు ఒక విభాగంలో పట్టు సాధించినా, మూడింటిలోనూ చేయి పెట్టి తీరాలి.

మనకిది కొత్త సంగతేమీ కాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సమాజాల్లో వేషం వేసేవాళ్లే తెరలూ కడతారు, ట్రిక్కులూ నడుపుతారు. వాళ్ల ‘మాయాబజార్’ నాటకంలో కళ్ల ముందే మారిపోయే దృశ్యాల వెనక తరతరాల చేతిపని ఉంది.

నటన: గొంతుతో పాటు ఒళ్లూ పలకాలి

రూపం, జ్ఞాపకశక్తి ఉంటే చాలనుకోవడం పొరపాటు. ఉచ్చారణ, ఊపిరిపై అదుపు, శరీరంలో చురుకు రోజువారీ సాధనతోనే వస్తాయి. పద్యనాటకంలో కొంత శిక్షణ తీసుకుంటే ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఎక్కడ మాట నిలపాలో తెలుస్తుంది. మన వేదికలపై మైకు కిందకు వచ్చి డైలాగు చెప్పే అలవాటు బలంగా ఉంది. అది కదలికను కట్టేస్తుంది. మైకు లేకుండా చివరి వరసకు వినిపించేలా సాధన చేసినవారికి ఏ వేదికైనా ఒకటే. ఆడిషన్ల కోసం స్వభావంలో పూర్తిగా భిన్నమైన రెండు పాత్రల సంభాషణలు ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకోండి.

దర్శకత్వం: చిన్న దృశ్యంతో మొదలుపెట్టండి

విద్యార్థి దర్శకుడు తొలిసారే రెండు గంటల నాటకం ఎత్తుకుంటే నటుల తేదీలు కుదర్చడానికే శక్తంతా అయిపోతుంది. ఒక దృశ్యమో, చిన్న నాటికో తీసుకోండి. అందులో ఏ పాత్రకు ఏం కావాలి, దానికి ఎవరు అడ్డు, పరిస్థితి ఎక్కడ మలుపు తిరుగుతోంది అన్నవి ముందు రాసుకోండి. స్క్రిప్టు ప్రతి పేజీకీ ఎదురుగా ఖాళీ పేజీ పెట్టి నటుల కదలికలు, లైటు మార్పులు, సంగీతం మొదలయ్యే చోట్లు గుర్తించండి. రేపు ఏ ఇంటర్వ్యూలోనైనా మీ ఆలోచన ఎలా సాగిందో ఈ ప్రతే చూపిస్తుంది.

గుబ్బి వీరణ్ణ నాటక కంపెనీలో బాలనటుడిగా అడుగుపెట్టిన బి.వి.కారంత్, దర్శకుడిగా, సంగీతకర్తగా ఎదిగి నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాకు డైరెక్టరయ్యారు. సురభి కళాకారులతోనూ నాటకాలు చేయించారు. వేదికపై పని చేసిన అనుభవం దర్శకుడికి ఎంత బలమో ఆయన ప్రయాణం చెబుతుంది.

రంగాలంకరణ: పోటీ తక్కువ, అవసరం ఎక్కువ

నటులు కావాలనుకునేవారు వందల్లో ఉంటే, సెట్టు, లైటింగు నేర్చుకునేవారు వేళ్లమీద లెక్కించేంత మంది. నాటక సమాజాలు నిజంగా వెతుక్కునేది వీళ్లనే. వేదిక కొలతలు తీసుకుని గ్రౌండ్ ప్లాన్ గీయడం, అడుగుకు అర అంగుళం చొప్పున అట్టతో నమూనా చేయడం, ఖర్చు అంచనా వేయడం మొదటి పాఠాలు. నాటక పరిషత్తుల పోటీల్లో ఒకే రాత్రి వరసగా నాటికలు పడతాయి. సెట్టు కొద్ది నిమిషాల్లో లేవాలి, అంతే వేగంగా విప్పుకుని వ్యాన్లో పట్టాలి. ఈ హద్దుల్లో ఆలోచించగలిగినవాడే మంచి డిజైనర్.

లైటింగుది మరో ప్రపంచం. 1959లో ఉత్పల్ దత్ బెంగాలీ నాటకం ‘అంగార్’లో బొగ్గుగనిలోకి నీళ్లు ముంచుకొచ్చే దృశ్యాన్ని తాపస్ సేన్ కేవలం వెలుగుతో సృష్టించి చరిత్రలో నిలిచిపోయారు.

ఎక్కడ చదవాలి?

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో థియేటర్ ఆర్ట్స్‌లో ఎంపీఏ ఉంది. హైదరాబాద్‌లోని తెలుగు విశ్వవిద్యాలయం, విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం కూడా రంగస్థల కళలు బోధిస్తున్నాయి. ఢిల్లీలో 1959లో ఏర్పడిన నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో మూడేళ్ల కోర్సు ఉంది. డిగ్రీతో పాటు నాటకాల్లో పాల్గొన్న అనుభవమూ అడుగుతారు. కాబట్టి కాలేజీ రోజుల్లో చేసిన ప్రతి నాటకం కరపత్రం, ధ్రువపత్రం దాచుకోండి. కన్నడ వచ్చినవారికి శివమొగ్గ జిల్లా హెగ్గోడులోని నీనాసం మంచి శిక్షణ కేంద్రం. అర్హతలు, గడువులు ఏటా ప్రవేశ ప్రకటనలో సరిచూసుకోవాలి.

18–25 ఏళ్ల యువ కళాకారులకు కేంద్ర సాంస్కృతిక శాఖ ఇచ్చే రెండేళ్ల స్కాలర్‌షిప్పుల్లో నాటకరంగానికీ చోటుంది.

ఉపాధి మాటేమిటి?

తెలుగునాట ప్రదర్శనల ఆదాయంతోనే ఇల్లు గడవడం కష్టం. ఈ సంగతి ఇంట్లోవాళ్లకు దాచకుండా చెప్పి, ప్రణాళికతో అడుగు వేయండి. జీతమిచ్చే రెపర్టరీల్లో (శాశ్వత నాటక బృందాల్లో) చోటు కోసం దేశమంతా చూడండి. పీజీ తర్వాత యూజీసీ నెట్ రాసి అధ్యాపకులు కావచ్చు. పాఠశాలల్లో పిల్లలతో నాటకాలు చేయించే శిక్షకులకు ఆదరణ పెరుగుతోంది. నటులకు సినిమా, వెబ్ సిరీస్, డబ్బింగ్ ఉన్నాయి. డిజైన్ తెలిసినవారికి సినిమా కళా విభాగం, ప్రదర్శనశాలలు, పెద్ద వేడుకల వేదికల పని దొరుకుతుంది. ఒక్క నటనే వచ్చినవారు ఫోన్ కోసం ఎదురుచూడాలి. రెండో పని చేతిలో ఉన్నవారు ఆ విరామంలోనూ నాటకాన్ని వదలకుండా బతకగలరు.

ఈ నెలలోనే చేయండి

మీ ఊళ్లోనో, దగ్గర్లోనో రిహార్సల్ జరుగుతున్న నాటక సమాజాన్ని వెతికి పట్టుకోండి. వేషం అడగకండి, పని అడగండి. తెర లాగడం, ప్రాంప్టింగ్, సామాను సర్దడం ఏదిచ్చినా చేయండి. రోజూ చూసింది నోటుపుస్తకంలో రాయండి, సెట్టు బొమ్మ గీయండి, ప్రదర్శన ఫొటోలు తేదీలతో భద్రపరచండి. ఏడాది తిరిగేసరికి మీ దగ్గర ప్రవేశపరీక్షకు చూపించగల పోర్ట్‌ఫోలియో ఉంటుంది. ఈ మూడు పనుల్లో మీకు ఏది ఎక్కువ సంతోషాన్నిస్తుందో కూడా అప్పటికి తేలిపోతుంది. కోర్సు ఎంచుకోవడానికి అంతకన్నా నమ్మకమైన ఆధారం మరొకటి లేదు.