మీ తరగతిలో మీరే పరిశోధన చేయడం ఎలా?

కర్నూలు జిల్లా జొన్నగిరికి దగ్గర్లోని ఎర్రగుడి బండల మీద క్రీ.పూ. 3వ శతాబ్దిలో అశోకుడు చెక్కించిన శాసనాలున్నాయి. ఏనుగుల మావటీలు, కరణాలు, రథశిక్షకులు, బ్రాహ్మణులు తమ శిష్యులకు పాత ఆచారం ప్రకారం నేర్పాలని వాటిలో ఒకచోట ఆజ్ఞ. ఇప్పటి టీచరుకు ఇంకో పని కూడా ఉంది: ఆ పాత పద్ధతి తన పిల్లలకు పనికొస్తోందా అని చూసుకోవడం. బీఈడీలో చర్యాత్మక పరిశోధన అని చదివి, పరీక్ష రాసి వదిలేసింది దీన్నే. 1953లో అమెరికాలో స్టీఫెన్ కోరీ రాసిన పుస్తకంతో ఇది బడుల్లో బాగా పాకింది.

ముందు ప్రశ్నను చిన్నది చేసుకోండి. సుగ్గికి, అంటే కూలి పనులకు వలస, పోయే ఇళ్ల పిల్లలు చదువులో ఎందుకు వెనకబడుతున్నారన్నది ఒక్క టీచరుకు తెగే ప్రశ్న కాదు. గుంటూరు మిరప కోతల నుంచి తిరిగొచ్చిన నాలుగో తరగతి పిల్లలు తీసివేతలో ఎక్కడ తప్పుతున్నారు? ఇదైతే మీ తరగతిలోనే తేలుతుంది.

ఇక నోటుపుస్తకాలు తెరవండి. 42లోంచి 17 తీసేయమంటే 35 అని రాసిన పిల్ల కనిపిస్తుంది. ఇంటూ కొట్టేయకండి. పక్కన కూర్చోబెట్టుకుని "ఎట్లా చేసినావమ్మా?" అని అడగండి. "రెండులోంచి ఏడు పోదు కదా సార్, అందుకే ఏడులోంచి రెండు తీసేసినా" అంటుంది. ఆ మాటను ఉన్నదున్నట్టు, తేదీ వేసి రాసుకోండి. ఆ పిల్లకు తీసివేత వచ్చు, పదిని విప్పడమే రాలేదు. సున్నా దగ్గర తడబడేవాళ్లు వేరు, ఎక్కాలు మరిచినవాళ్లు వేరు. తప్పుల్ని ఇలా విడదీసి, ఏ రకంలో ఎందరో లెక్కపెట్టండి. ఎన్ని రోజులైనా పట్టనివ్వండి. పరిశోధనకు ప్రాణం ఈ పనే.

తర్వాత ఒక్కటే మార్పు చేయండి. పదేసి పుల్లలకు రబ్బరు బ్యాండు వేస్తే 42 అంటే నాలుగు కట్టలు, రెండు విడి పుల్లలు. ఒక కట్ట విప్పితే విడివి పన్నెండవుతాయి, ఏడు తీయొచ్చు. విప్పడం పిల్లల చేతులతోనే జరగాలి. రెండు వారాలయ్యాక అంతే కష్టమైన కొత్త లెక్కలిచ్చి మళ్లీ లెక్కపెట్టండి. తప్పులు తగ్గకపోతే అదీ రాయండి.

ఒక పేజీ నివేదికను, పిల్లల పేర్లు లేకుండా, స్కూల్ కాంప్లెక్స్ సమావేశానికి తీసుకెళ్లండి. బ్రిటిష్ సాయంతో 1980ల్లో మొదలైన ఏపీపెప్ (ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం) కూడా టీచర్లను కేంద్రాల్లో ఇలాగే ఒకచోట కూర్చోబెట్టింది. పక్క ఊరి టీచరు "మా దగ్గరా ఇదే తప్పు" అంటే, వచ్చే నెల ఇద్దరూ అవే లెక్కలు ఇచ్చి చూడండి.